లెక్కల పేజీకి 60 రూపాయలు: సమీకరణాల సాఫ్ట్‌వేర్ల గురించి ఒక డీటీపీ షాపు మాట

నాకు ఇంటిగ్రేషన్ రాదు. ఇంటర్‌లో సీఈసీ తీసుకున్నదాన్ని. పదో తరగతి లెక్కల్లో వచ్చింది 41, అందులో ఐదారు మార్కులు మా మాస్టారి పుణ్యం. అయినా ఇరవై ఏళ్లకు పైగా నేను తిన్న అన్నంలో సగం లెక్కల పేపర్లు పెట్టిందే. చివర డీఎక్స్ మర్చిపోయిన సమాకలనాన్ని కళ్లజోడు లేకుండా పట్టేస్తాను. అది అక్కడ ఎందుకుండాలని మాత్రం నన్నడక్కండి.

అమలాపురంలో ఎర్రవంతెనకు కాస్త ఇవతల మా డీటీపీ షాపు. రెండు కంప్యూటర్లు, ఒక లేజర్ ప్రింటరు, వానాకాలంలో ప్రాణం నిలబెట్టే ఇన్వర్టరు. మామూలు పేజీకి 25 రూపాయలు, లెక్కల పేజీకి 60. కొత్తగా వచ్చిన లెక్చరర్లు ఆ బోర్డు చూసి "అదేంటండీ, లెక్కల పేజీలో అక్షరాలు తక్కువే కదా?" అంటారు. అక్షరాలు తక్కువేనండి, పని ఎక్కువ. ఈమధ్య చాలామంది సొంత ల్యాప్‌టాప్‌లో తామే టైపు చేసుకుంటాం, ఏ సాఫ్ట్‌వేర్ మంచిదో చెప్పమని అడుగుతున్నారు. బేరం పోతుందని తెలిసినా చెబుతూనే ఉన్నాను. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇలా రాస్తున్నాను.

ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా మొదటిసారి టైపు చేయడం పెద్ద విషయం కాదు. వీడియోల్లో చూపించేదంతా అదే. రాత్రి తొమ్మిదింటికి మాస్టారు ఫోన్ చేసి "పదకొండో లెక్కలో హారంలో ప్లస్ కాదమ్మా, మైనస్" అంటారు చూడండి, అప్పుడు తెలుస్తుంది దాని సంగతి. ఆ ఒక్క గుర్తు మార్చడానికి ఎంతసేపు పడుతుంది? మార్చాక మిగతా పేజీ చెదరకుండా ఉంటుందా? ఆ ఫైలు ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే గుర్తుల బదులు గళ్లు కనబడతాయా? నేను చూసేది ఈ మూడే.

1996 నవంబరు తుఫానులో మా నాన్న కొబ్బరిచెట్లు నేలకొరిగాయి. డిగ్రీ మాట పక్కనపెట్టి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను, లోయరు, హయ్యరు రెండూ పాసయ్యాను. అక్కడే మొదటి లెక్కల పేపరు చేశాను. అప్పుడు సాఫ్ట్‌వేరూ లేదు, సమీకరణమూ లేదు. స్టెన్సిల్ కాగితం మీద మాటలు టైపు చేసి, గుర్తులున్న చోట ఖాళీలు వదిలేసేవాళ్లం. వర్గమూలాలూ సిగ్మాలూ మాస్టారే వచ్చి ఇనపమొన కలంతో గీసేవారు. గట్టిగా నొక్కితే స్టెన్సిల్ చిరిగి అక్కడ సిరా మచ్చ పడేది. ఆ మచ్చ కింద ఏముందో ఊహించడం కూడా పరీక్షలో భాగమే అప్పటి పిల్లలకి. ఇప్పుడు మౌసుతో పది నొక్కులు నొక్కాలంటే విసుక్కునేవాళ్లని చూస్తే నాకు ఆ ఇనపమొన గుర్తొస్తుంది.

తర్వాత నా చేతికి వచ్చింది వర్డ్‌లో ఉండే పాత ఈక్వేషన్ ఎడిటర్ 3.0. ఇది డిజైన్ సైన్స్ అనే కంపెనీ చేసిన మ్యాథ్‌టైప్‌కి చిన్న తమ్ముడు. కంట్రోల్ ఎఫ్ అంటే భిన్నం, కంట్రోల్ ఆర్ అంటే వర్గమూలం, కంట్రోల్ హెచ్ అంటే ఘాతం, కంట్రోల్ ఎల్ అంటే కింద రాసే చిన్న అంకె, కంట్రోల్ జి కొట్టి ఎ అంటే ఆల్ఫా. వారం రోజుల్లో వేళ్లకు వచ్చేసింది. దాదాపు పదిహేనేళ్లు దాంట్లోనే కొట్టాను. 2018 జనవరి అప్‌డేట్‌తో మైక్రోసాఫ్ట్ దాన్ని వర్డ్ నుంచి తీసేసింది. అది 2000లో తయారైన ప్రోగ్రామేనట, దాన్ని అడ్డం పెట్టుకుని దొంగ ఫైళ్లతో కంప్యూటర్‌లోకి దూరే వీలుందని 2017 చివర్లో బయటపడింది. తీసేయడం న్యాయమే. పాత ఫైళ్లలో సమీకరణాలు కనబడతాయి గానీ దిద్దడానికి కుదరదు. ఆ సంగతి ముందే విని కూడా పాత ఫైళ్లు మార్చుకోకుండా కూర్చున్నాను, తప్పు నాదే. సంక్రాంతి తర్వాత ఇవ్వాల్సిన రివిజన్ పేపర్ల కట్ట ఒకటి మళ్లీ మొదట్నుంచి కొట్టాల్సి వచ్చింది. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి ఊరంతా వెళ్తే నేను షాపులో మాత్రికలతో కూర్చున్నాను. మీ దగ్గర ఇంకా అలాంటి ఫైళ్లుంటే కొత్త వర్డ్‌లో ఆ సమీకరణం మీద రెండుసార్లు నొక్కండి, కొత్త రూపంలోకి మార్చమంటారా అని అదే అడుగుతుంది. మార్చాక అసలుతో పక్కపక్కన పెట్టి చూసుకోండి.

మ్యాథ్‌టైప్ అన్నగారు మాత్రం ఇంకా ఉన్నాడు. 2017లో స్పెయిన్‌కి చెందిన విరిస్ కంపెనీ కొనుక్కుంది. ఇప్పుడు ఏడాదికింత అని చందా కట్టాలి, ముందు 30 రోజులు ఉచితంగా చూసుకోవచ్చు. ప్రశ్నపత్రాల వాళ్లకి దీంట్లో నాకు నచ్చే గుణం ఒకటుంది, ఎవరూ పెద్దగా చెప్పరు. వాక్యం మధ్యలో భిన్నం వచ్చినా దీంట్లో నిండు సైజులోనే కూర్చుంటుంది. వర్డ్ సొంత సమీకరణం అలా కాదు, వరుస మధ్యలో పడితే లవహారాలు రెండూ కుదించుకుపోతాయి. పుస్తకానికి అది అందమే. ప్రశ్నపత్రం సంగతి వేరు. కరెంటు మినుకుమినుకుమనే గదిలో, కొత్త కళ్లజోడు పెట్టుకున్న పిల్లాడు చదవాలి. మా పెద్ద మాస్టారు ఒకసారి ప్రూఫు చూసి "భిన్నాలు చీమల బారులా ఉన్నాయేంటమ్మా" అన్నారు. ఆయన అన్నది నిజమే.

ఇంకో మంచి గుణం, ఫైలులో ఉన్న సమీకరణాలన్నిటి సైజూ ఫాంటూ ఒకేసారి మార్చేయొచ్చు. పదకొండు పాయింట్లలో కొట్టిన నలభై పేజీలు పన్నెండుకి మార్చమంటే టీ తాగేలోపు అయిపోతుంది. పేజ్‌మేకర్‌లో పని చేసే పాత ప్రెస్సులకి ఇచ్చేటప్పుడు సమీకరణాన్ని ఈపీఎస్ బొమ్మగా దాచి ఇవ్వొచ్చు. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 2001 నాటిది, అయినా ఈ ప్రాంతంలో దానికి ఇంకా తద్దినం పెట్టలేదు. అయితే బొమ్మగా దించిన సమీకరణం వరుసలో కాస్త పైకో కిందకో జారుతుంది, ఒక్కొక్కటీ చేత్తో సర్దాలి. నా 60 రూపాయల్లో సగం ఆ సర్దుడుకే పోయేది. కొత్తగా మొదలుపెట్టే లెక్చరర్‌కి మాత్రం మ్యాథ్‌టైప్ కొనమని చెప్పను. మీ ఫైలు అందుకునే అవతలివాళ్ల దగ్గర అది లేకపోతే దిద్దుబాటు మళ్లీ మీ నెత్తికే వస్తుంది. పాత ఫైళ్ల గుట్ట ఉన్నవాళ్లకీ, రోజూ పదేసి పేపర్లు చేసేవాళ్లకీ చందా డబ్బులు గిట్టుబాటవుతాయి.

ఇక వర్డ్ సొంత సమీకరణం. 2007 నుంచి ఉంది, చాలామంది దగ్గర ఉంది, సరిగ్గా వాడేవాళ్లు తక్కువ. ఇన్సర్ట్ మెనూలోకి వెళ్లి, భిన్నం బొమ్మ నొక్కి, పై గడిలో ఒకటి, కింది గడిలో ఒకటి టైపు చేస్తూ గంటకు ఐదు లెక్కలు చేసి "ఇదేం సాఫ్ట్‌వేరండీ" అని నా దగ్గరికి వస్తారు. మౌసు ముట్టుకోకండి. ఆల్ట్ నొక్కి ఈక్వల్ టు కొట్టండి, పెట్టె తెరుచుకుంటుంది. అందులో ఎ, ఏటవాలు గీత (స్లాష్), బి కొట్టి స్పేస్ నొక్కితే భిన్నం అవుతుంది. ఎక్స్, టోపీ గుర్తు, 2, స్పేస్ అంటే ఎక్స్ స్క్వేర్. బ్యాక్‌స్లాష్ వేసి ఆల్ఫా స్పెల్లింగ్ కొట్టి స్పేస్ అంటే ఆల్ఫా. లవం పెద్దదైతే బ్రాకెట్‌లో పెట్టండి, స్పేస్ నొక్కగానే ఆ బ్రాకెట్లు వాటంతటవే మాయమై భిన్నం మిగులుతుంది. మొదటిసారి చూసినప్పుడు నేను దాన్ని నాలుగుసార్లు చెరిపి నాలుగుసార్లు కొట్టి చూసుకున్నాను. ఈ పద్ధతికి యూనికోడ్‌మ్యాథ్ అని పేరు, మైక్రోసాఫ్ట్‌లో ముర్రే సార్జెంట్ అనే ఆయన పెట్టింది. ఇందులో కిటుకంతా స్పేస్‌బార్‌దే. లెక్కలో ఖాళీ కావాలని స్పేస్ కొట్టేవాళ్లు ఇక్కడే తికమకపడతారు. ఖాళీలు అదే చూసుకుంటుంది, మీరు కొట్టే స్పేస్ అంటే "కట్టు" అని ఆజ్ఞ.

సైన్, కాస్, లాగ్ లాంటి మాటలు నిటారుగా ఉండాలి, ఎక్స్, వై లాంటివి వాలుగా ఉండాలి. ఇది నాకు మాస్టార్లు చెప్పిన పాఠం. సైన్ కూడా వాలిపోతే ఎస్ ఇంటూ ఐ ఇంటూ ఎన్ అని చదువుకోవాల్సి వస్తుందట. పెట్టెలో సైన్ కొట్టి స్పేస్ నొక్కితే అది తనంతట తానే నిటారవుతుంది. అలాగే మైనస్ గుర్తు. మామూలు పాఠంలో కీబోర్డు మీద గీత నొక్కితే వచ్చేది పొట్టి గీత, అది హైఫన్. పెట్టెలో అదే మీట నొక్కితే అసలైన మైనస్ వస్తుంది, ప్లస్ ఎంత వెడల్పో అంతే ఉంటుంది. మైనస్ 3 అని జవాబుల ఆప్షన్లు టైపు చేసేటప్పుడు కూడా పెట్టెలోనే చేయండి. లేకపోతే ప్రశ్నలో ఒక మైనస్, ఆప్షన్లలో ఒక మైనస్ కనబడి పేజీ అతుకుల బొంతలా ఉంటుంది.

మూడు వరుసల నిర్ధారకం ప్రతిసారీ కొట్టక్కర్లేదు. ఒకసారి ఖాళీ గడులతో చేసుకుని, పక్కనున్న బాణం నొక్కి కొత్త సమీకరణంగా దాచుకుంటే ఎప్పుడు కావాలంటే అప్పుడు దించుకోవచ్చు. నా దగ్గర అలాంటివి పద్దెనిమిది ఉన్నాయి.

దీంతో వచ్చే చిక్కులు కూడా చెప్పాలి. చిన్న భిన్నాల సంగతి ఇందాకే చెప్పాను. దానికి నేను చేసేది, ముఖ్యమైన భిన్నం ఉంటే దాన్ని విడిగా కింది వరుసలో పెట్టడం. కాగితం కొంచెం ఎక్కువవుతుంది, కానివ్వండి. రెండోది వరుసల ఎడం. పేరాకి ఇన్ని పాయింట్లని కచ్చితమైన ఎడం పెడితే పొడుగు సమీకరణాల తల తెగిపోతుంది. స్క్రీన్ మీద గమనించరు, ప్రింటులో వర్గమూలం పైగీత ఎగిరిపోయి ఉంటుంది. మూడోది, ఫైలును పాత డాక్ రూపంలో దాచితే సమీకరణాలు బొమ్మలైపోతాయి. కొన్ని ఆఫీసుల్లో ఇప్పటికీ "డాక్ ఫైలే కావాలి" అంటారు. అలాంటి వాళ్లకి పీడీఎఫ్ ఇవ్వండి, అసలు ఫైలు మీ దగ్గరే ఉంచుకోండి.

అసలు తలనొప్పి తెలుగు. ఇంగ్లిష్ మీడియం పేపరు ఎవరైనా చేస్తారు. వేగం ఈక్వల్ టు దూరం బై కాలం అని భిన్నంలో తెలుగు మాటలు పెట్టి చూపించమనండి. వర్డ్ సమీకరణం పెట్టె కేంబ్రియా మ్యాథ్ లాంటి గణితం ఫాంట్లతోనే నడుస్తుంది, అందులో తెలుగు లేదు. యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లు పెడితే మరీ ఘోరం, "దూరం" కాస్తా అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలైపోతుంది. దీనికి ముసలివాళ్లకి మాత్రమే తెలిసిన వైద్యం ఒకటుంది. వర్డ్‌లో ఈక్యూ ఫీల్డ్ అని ఈక్వేషన్ ఎడిటర్ కంటే పాతది ఒకటి ఇప్పటికీ ఉంది. కంట్రోల్ ఎఫ్9 నొక్కితే రెండు ఫ్లవర్ బ్రాకెట్లు వస్తాయి. వాటి మధ్య ఈక్యూ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, బ్యాక్‌స్లాష్ ఎఫ్ వేసి, మామూలు బ్రాకెట్‌లో దూరం, కామా, కాలం అని రాసి షిఫ్ట్ ఎఫ్9 నొక్కండి. మధ్యలో గీతతో భిన్నం తయారు. లోపల ఉన్నది మామూలు పాఠమే కాబట్టి మండలి ఫాంటైనా, గౌతమి అయినా పెట్టుకోవచ్చు. ఏడు, ఎనిమిది తరగతుల వడ్డీ లెక్కలూ వేగం లెక్కలూ అన్నీ నేను ఇలాగే చేస్తాను. వర్గమూలానికి ఎఫ్ బదులు ఆర్. సమాకలనాల దాకా దీంతో వెళ్లకండి, తల ప్రాణం తోకకొస్తుంది.

డబ్బులు పెట్టనివాళ్లకి లిబ్రేఆఫీస్ ఉంది, పూర్తిగా ఉచితం. అందులో సమీకరణాన్ని మాటల్లో రాయాలి. ఎ ఓవర్ బి అని కింద కిటికీలో రాస్తే పైన భిన్నం కనబడుతుంది. చదివితే ఇంగ్లిష్ వాక్యంలా ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లకి త్వరగా వస్తుంది. దిద్దడమూ సులువే. ఆ ఫైలు వర్డ్‌లోకి వెళ్లాక మాత్రం ఒకసారి మొత్తం చూసుకోవాలి. గూగుల్ డాక్స్‌లో కూడా సమీకరణాల మెనూ ఉంది, నలుగురు లెక్చరర్లు కలిసి ఒకే పేపరు తయారుచేస్తుంటే బాగుంటుంది. అందులో మాత్రికలకు చోటు లేదు. ఇంటర్ లెక్కలకి మాత్రిక లేకపోతే ఇంకేముంది.

ఫోటో తీస్తే సమీకరణం ఇచ్చేసే యాప్‌లు వచ్చాయి. అచ్చు పుస్తకం మీద బాగానే పనిచేస్తాయి. చేతిరాత మాటకొస్తే మన మాస్టార్ల చేతిరాత మీరూ చూశారు కదా. పేరు చెప్పను గానీ నేను వాడిన ఒక యాప్ తీటాని సున్నా అనుకుంది, జడ్‌ని 2 అనుకుంది. ఇంకో నెల చూసి వదిలేశాను. టైపు చేసే శ్రమ తగ్గింది, ప్రూఫు చూసే శ్రమ రెట్టింపయ్యింది. లెక్క రాని నాలాంటిదానికి అది మరీ ప్రమాదం. తీటా ఉండాల్సిన చోట సున్నా ఉంటే నాకెలా తెలుస్తుంది?

ప్రమాదం అంటే గుర్తొచ్చింది. నేను చేసిన పెద్ద తప్పు ఏ సాఫ్ట్‌వేర్‌దీ కాదు. ఒక కాలేజీ అర్ధసంవత్సర పరీక్షకి చివరి నిమిషంలో రెండు ప్రశ్నలు వాట్సాప్ మెసేజ్‌లో వచ్చాయి. కాపీ చేసి అతికించాను. మెసేజ్‌లో ఘాతాలు పైన కూర్చోవు, ఎక్స్ స్క్వేర్ కాస్తా ఎక్స్ పక్కన 2 అయింది. నేను దాన్ని అలాగే అచ్చు వేశాను. ఏడు మార్కుల ప్రశ్న, ఎవరికీ జవాబు రాలేదు. ఆ కాలేజీవాళ్లు అందరికీ మార్కులు కలిపేశారు. నన్నేమీ అనలేదు, తర్వాతి పేపరు మాత్రం వేరే షాపుకి వెళ్లింది. అప్పటి నుంచి మెసేజ్‌లో వచ్చిన లెక్క తీసుకోను. కాగితం మీద రాసి ఫోటో పంపమంటాను.

ఇప్పుడు లేటెక్. పేజీ మొత్తాన్నీ ఆజ్ఞలుగా రాసిస్తే అదే కూర్చిపెట్టే ప్రోగ్రాం. నా మేనల్లుడు కాకినాడలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు సెలవులకు వచ్చి "అత్తా, ఇదెందుకు వాడవు?" అని పెట్టి వెళ్లాడు. ఆర్నెల్లు దాని మొహం చూడలేదు. నల్ల కిటికీ, బ్యాక్‌స్లాష్‌లు, ఒక్క ఫ్లవర్ బ్రాకెట్ మర్చిపోతే పేజీడు ఇంగ్లిష్ తిట్లు. "డాలర్ లేదు, పెట్టాను" అంటుంది, ఎక్కడ లేదో చూస్తే ఇరవై వరుసల పైన ఉంటుంది. మనసు మారింది దాని కథ విన్నాక. డొనాల్డ్ నూత్ అనే ప్రొఫెసరు 1977లో తన పుస్తకం కొత్త ముద్రణ ప్రూఫులు చూసుకుని, అక్షరాల కూర్పు నచ్చక, తనే కంపోజింగ్ ప్రోగ్రాం రాసుకోవడం మొదలుపెట్టాడట. దాని పేరు టెక్. దాని మీద 1980లలో లెస్లీ లాంపోర్ట్ కట్టింది లేటెక్. ప్రూఫులు నచ్చక షాపు మార్చేవాళ్లని చూశాను గానీ సాఫ్ట్‌వేరే రాసుకున్న కస్టమరు ఈయనొక్కడే. పైగా తన పుస్తకాల్లో తప్పు చూపించినవాళ్లకి 2 డాలర్ల 56 సెంట్ల చెక్కు రాసిచ్చేవాడట. నేను తప్పుకింత అని ఇస్తే ఎర్రవంతెన దగ్గర బోర్డు తిప్పేయాలి.

లేటెక్‌లో భిన్నం కావాలంటే బ్యాక్‌స్లాష్ ఫ్రాక్, ఫ్లవర్ బ్రాకెట్‌లో లవం, ఇంకో ఫ్లవర్ బ్రాకెట్‌లో హారం. వరుస మధ్యలో కూడా నిండు సైజు కావాలంటే ఫ్రాక్ ముందు ఒక్క డి చేర్చి డిఫ్రాక్ అంటే సరి, చీమల బారు గోల తీరింది. ప్రశ్నపత్రాల కోసం ఎగ్జామ్ అనే తయారు నమూనా ఉంది. ప్రశ్న కిందే జవాబు కూడా రాసుకుంటాం. పైన ఒక్క ఆజ్ఞ పెడితే జవాబులతో అచ్చవుతుంది, తీసేస్తే ప్రశ్నలే వస్తాయి. లెక్చరర్‌కి ఒక కాపీ, పిల్లలకి ఒక కాపీ, ఫైలు ఒక్కటే. ముందు ప్రశ్నలు దిద్ది జవాబుల ఫైలులో దిద్దడం మర్చిపోయి ఎన్నిసార్లు మాట పడ్డానో. నాలుగో ప్రశ్న తీసి తొమ్మిదో చోట పెట్టమంటే నెంబర్లన్నీ అవే సర్దుకుంటాయి.

తెలుగు మాటకొస్తే, మామూలు లేటెక్ కాకుండా జీలేటెక్ అనే రకం వాడాలి. కంప్యూటర్‌లో ఉన్న ఏ యూనికోడ్ తెలుగు ఫాంటైనా తీసుకుంటుంది. ఒత్తులు, గుణింతాలు చెదరవు. సమీకరణం లోపల కూడా టెక్స్ట్ అనే ఆజ్ఞతో తెలుగు మాట పెట్టొచ్చు. వరుస చివర తెలుగు మాటను ఎక్కడ విరవాలో చెప్పే నియమాలు కూడా టెక్‌లో ఉన్నాయి. ఉచితం కూడా. అన్నీ కలిపి దించుకుంటే కొన్ని జీబీలు ఉంటుంది, రాత్రి పెట్టి పడుకోండి. దించుకోకుండా ఓవర్‌లీఫ్ అనే సైట్‌లో కూడా రాసుకోవచ్చు, సెట్టింగ్‌లో జీలేటెక్ ఎంచుకోవాలి. నెట్ ఉన్నంతసేపూ హాయి. గాలివాన వచ్చి రెండు రోజులు నెట్ లేని మా వైపు నాకు సొంత కంప్యూటర్‌లో ఉన్నదే ధైర్యం.

దీంతో ఉన్న పెద్ద ఇబ్బంది మనుషులతో. ఎంత బాగా చేసిచ్చినా "వర్డ్ ఫైలు కూడా పంపమ్మా, చిన్న మార్పులుంటే నేనే చేసుకుంటా" అంటారు. పాన్‌డాక్ అనే ఉచిత ప్రోగ్రాం లేటెక్ ఫైలును వర్డ్‌లోకి మారుస్తుంది, సమీకరణాలు వర్డ్ సొంత సమీకరణాలుగానే వస్తాయి. పేజీ అమరిక మాత్రం మళ్లీ చేసుకోవాలి. అందుకే కాలేజీ పేపర్లు ఇప్పటికీ వర్డ్‌లోనే చేస్తాను. లేటెక్ పుస్తకాలకి. సొంతంగా చేసుకుంటామనే లెక్చరర్లకి కూడా అదే చెబుతాను: నెలకి రెండు పేపర్లైతే వర్డ్, ఆల్ట్ ఈక్వల్ టు, స్పేస్‌బార్. మెటీరియల్ పుస్తకం వేసే ఆలోచన ఉంటే ఒక వేసవి లేటెక్‌కి ఇవ్వండి.

నేను ఆ వేసవి ఇచ్చింది మా పెద్ద మాస్టారి కోసం. రిటైరయ్యాక తెలుగు మీడియం పిల్లలకని సదిశల (వెక్టర్ల) మీద పుస్తకం రాశారు, మూడు పొడుగు నోటుబుక్కులు. వాళ్లది కోటిపల్లి వైపు. పంటు మీద గౌతమి దాటి ముక్తేశ్వరం వచ్చి, అక్కణ్నుంచి బస్సులో మా షాపుకి వస్తారు. 212 పేజీలు జీలేటెక్‌లో కొట్టాను. మొదటి ప్రూఫు ఇచ్చేసరికి గోదారికి వరదొచ్చి పంటు ఆపేశారు. పీడీఎఫ్ ఫోన్‌కి పంపాను, ఆయన భూతద్దం పెట్టి చదివారట.

వరద తీశాక వచ్చి కూర్చుని, కవరులోంచి కాగితం తీశారు. "అన్నీ బాగున్నాయమ్మా. ఒక్కటే. సదిశ మీద నువ్వు బాణం గుర్తు పెట్టావు. మన పిల్లలకి అడ్డగీతే అలవాటు. అన్నీ మార్చాలి." అని, కాస్త జంకుతూ, "పేజీకి ఎంత తీసుకుంటావో తీసుకో" అన్నారు.

వర్డ్‌లో అయితే ఆ మాటకి నాకు జ్వరం వచ్చేది. ఆ పుస్తకంలో సదిశ లేని వరుస లేదు. లేటెక్‌లో మొదట్లోనే సదిశకి నా సొంత ఆజ్ఞ ఒకటి పెట్టుకున్నాను, పుస్తకమంతా దాన్నే పిలిచాను. ఫైలు పైకి వెళ్లి, బాణం అన్న చోట గీత అని మార్చి, మళ్లీ కంపైల్ కొట్టాను. ఫ్యాను కింద ఆయన చెమట ఆరేలోపు 212 పేజీల్లోనూ గీతలు వచ్చేశాయి.

"అయిపోయిందండి మాస్టారూ" అన్నాను.

"ఏది అయిపోయింది?"

స్క్రీన్ ఆయన వైపు తిప్పాను. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, కళ్లజోడు పైకి తోసి, మొదటి పేజీ నుంచి ఒక్కొక్కటే జరపమన్నారు. నలభయ్యో పేజీ దగ్గర "ఆఖరి పంటు వెళ్లిపోతుందేమోనండి" అన్నాను. "వెళ్లనీ" అని తర్వాతి పేజీ చూపించమన్నారు.